పడిశం పట్టిన సన్నాయి: ఓబో గురించి మీకు తెలుసా?

మా మామగారు ఆరు నెలలుందామని అమెరికాలో మా ఊరు ఆష్‌బర్న్ వచ్చారు. వచ్చిన మూడో రోజు సాయంత్రం, పగలూ రాత్రీ తారుమారైన నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, మెట్ల దగ్గర నిలబడి అడిగారు: "ఏమయ్యా, పక్కింట్లో పెళ్ళా?"

పెళ్ళేం లేదు. కింద బేస్‌మెంట్‌లో మా అమ్మాయి ఓబో సాధన చేస్తోంది. స్కూల్ బ్యాండ్‌లో మొదట క్లారినెట్ పట్టుకుంది. ఓబో వాయించేవాళ్ళు లేరు, నువ్వు మారతావా అని మాస్టారు అడిగితే తలూపి వచ్చేసింది. ఆ తలూపుడు మా ఇంటి ఖర్చునీ, వారాంతాలనీ ఎలా తిప్పేస్తుందో అప్పుడు మాకు తెలియదు. మామగారిది చిలకలూరిపేట పక్కన పల్లె. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో నాదస్వరం విని పెరిగిన చెవి. బేస్‌మెంట్‌లోకి దిగి, కుర్చీ లాక్కుని, పావుగంట విని తీర్పు చెప్పారు: "సన్నాయేనమ్మా. కాకపోతే పడిశం పట్టింది."

ఇక ఆ ఆరు నెలలూ ఆయన ప్రశ్నలు అడగడం, నేనూ అమ్మాయీ జవాబులు వెతకడం. అలా పోగైనవే ఇవి. వరుసా వావీ ఉండదు, ముందే చెబుతున్నాను.

ఓబోకీ సన్నాయికీ చుట్టరికం ఉందని మీకు తెలుసా?

మామగారి చెవి తప్పు చెప్పలేదు. రెండు పల్చటి రెల్లు బద్దల్ని ఒకదానికొకటి ఆనించి కట్టి, పెదవుల మధ్య పెట్టుకుని ఊదితే అవి టపటపా కొట్టుకుంటాయి. పైన సన్నంగా మొదలై కిందికి పోనుపోను వెడల్పయ్యే గొట్టం ఆ కొట్టుకోవడాన్ని పాటగా మారుస్తుంది. ఓబో అంతే, నాదస్వరం అంతే, బిస్మిల్లా ఖాన్ షెహనాయీ అంతే. క్లారినెట్‌కి బద్ద ఒకటే, లోపలి గొట్టం దాదాపు పొడుగునా ఒకే లావు. చూడటానికి ఓబోకి కవల పిల్లలా ఉన్నా దాని వంశం వేరు.

ఈ పేర్లు పక్కపక్కన పెట్టి ఒకసారి పైకి చదవండి: పారశీకుల సుర్నా, టర్కీ జుర్నా, చైనా సువోనా, ఉత్తరాది షెహనాయి, మన సన్నాయి. ఐరోపాలో ఈ జాతి వాద్యాన్ని షామ్ అనేవారు. సంతల్లో, ఊరేగింపుల్లో, కోట బురుజుల మీద మోగేది. 17వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులో, పద్నాలుగో లూయీ ఆస్థానం చుట్టూ, ఆ షామ్‌కి కొత్త రూపం వచ్చింది. ఆ ఘనతను సాధారణంగా హొతెతేర్, ఫిలిదోర్ అనే రెండు కుటుంబాల ఖాతాలో వేస్తారు. ఒకే కర్రగా ఉన్నదాన్ని మూడు ముక్కలు చేశారు, గొట్టం సన్నం చేశారు, గొంతు తగ్గించి ఫిడేళ్ళ పక్కన కూర్చునే మర్యాద నేర్పారు. మన సన్నాయి పెళ్ళి పందిట్లోనూ గుడి ముందూ ఉండిపోతే, దాని ఫ్రెంచి దాయాది చెప్పులు విప్పి హాల్లోకి వెళ్ళిందన్నమాట.

పేరు కూడా ఫ్రెంచిదే. 'ఓ' అంటే గట్టిగా, పైస్థాయిలో పలికేది, 'బ్వా' అంటే కర్ర. పాత ఇంగ్లీషువాళ్ళు నోరు తిరక్క దాన్ని హోబాయ్ అన్నారు. ఇప్పుడు ఇంగ్లీషులో రాసేది ఇటాలియన్ల స్పెల్లింగు.

ఒకే కచేరీలో 24 ఓబోలు మోగాయని తెలుసా?

1749 ఏప్రిల్ 27న లండన్‌లో బాణసంచా ఉత్సవం. దానికి హాండెల్ రాసిన సంగీతంలో 24 ఓబోలు, 12 బసూన్‌లు, 9 ట్రంపెట్లు, 9 హార్న్‌లు, పైన నగారాలు. ఫిడేళ్ళు వద్దన్నది రెండో జార్జి రాజు. "మేళం విలువ తెలిసిన రాజు" అని మామగారు సర్టిఫికెట్ ఇచ్చేశారు.

ఆర్కెస్ట్రాకి శ్రుతి ఇచ్చేది ఎవరు?

కచేరీ మొదలయ్యే ముందు స్టేజీ మీద గోల. ఎవరి గోల వాళ్ళది. ఉన్నట్టుండి అందరూ ఆగుతారు. ఒక్క గొంతు సన్నగా, నిటారుగా లేస్తుంది. అది ఓబో ఇచ్చే 'ఏ' స్వరం, సెకనుకు 440 కంపనాలు. మిగతా అందరూ వచ్చి దానికి కలుస్తారు. ఈ 440 అనే అంకె మీద 1939లో లండన్‌లో అంతర్జాతీయంగా ఒప్పందం కుదిరింది. అంతకు 80 ఏళ్ళ ముందు, 1859లో, ఫ్రాన్సు 435 అని చట్టం చేసుకుంది. ఐరోపాలో ఇప్పటికీ చాలా ఆర్కెస్ట్రాలు 442, 443 దగ్గర ఉంటాయి.

ఓబోయే ఎందుకంటే, దాని గొంతులో మూలస్వరంతో పాటు పైస్వరాలు దట్టంగా ఉంటాయి. ఎంత గోలలోనైనా సూదిలా చెవిలో దిగుతుంది. ఇంకో కారణం కొంచెం కొంటెగా చెబుతారు. ఫిడేలుకి బిరడా తిప్పితే శ్రుతి మారుతుంది. ఓబోకి ఆ సౌకర్యం దాదాపు లేదు. మారలేనివాడి దగ్గరికి మారగలవాళ్ళు రావాల్సిందే కదా! ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకి ఈ ఏర్పాటు కొత్తేం కాదు.

మన మేళంలో ఈ పని ఒత్తుది. చూడటానికి నాదస్వరంలాగే ఉంటుంది గానీ పాట పలకదు. దాన్ని పట్టుకున్నాయన కచేరీ పొడుగునా ఒకే స్వరం ఊదుతూ కూర్చోవాలి. ఇప్పుడు చాలాచోట్ల ఆ మనిషి స్థానంలో శ్రుతి పెట్టె కూర్చుంది. మా అమ్మాయి మాత్రం తన అర నిమిషాన్ని వదులుకోదు. "అరవై మంది నా మాట వినేది అప్పుడొక్కప్పుడే నాన్నా" అంటుంది.

ఓబో వాయించేవాళ్ళ బతుకులో సగం వడ్రంగమని మీకు తెలుసా?

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే ఓబో ప్రపంచంలో సంతోషమైనా ఏడుపైనా అన్నీ రీడ్ దగ్గరే మొదలవుతాయి.

కొంటే రీడ్ ఒక్కోటి పాతిక, ముప్ఫై డాలర్లు. రెండు మూడు వారాలు మన్నితే అదృష్టం. కాబట్టి కాస్త గట్టిగా నేర్చుకునేవాళ్ళు సొంతంగా చెక్కుకోవడం మొదలుపెడతారు. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల వాద్యగాళ్ళు కూడా కచేరీకి ముందు ఏం చేస్తుంటారనుకుంటున్నారు? రాగాలాపన కాదు, కత్తి పట్టుకుని రీడ్ గీకుతుంటారు.

ముడిసరుకు వెదురులా కనిపించే ఒక రెల్లు జాతి మొక్క. శాస్త్రీయ నామం అరుండో డోనాక్స్. దక్షిణ ఫ్రాన్సులో సముద్రం ఒడ్డునున్న వార్ ప్రాంతంలో పెరిగింది శ్రేష్ఠమని పేరు. తమాషా ఏమిటంటే, ఓబోవాళ్ళు డబ్బు పోసి కొనుక్కునే ఈ మొక్కే కాలిఫోర్నియా వాగుల వెంట పెద్ద కలుపు. అక్కడ డబ్బు పోసి పీకిస్తుంటారు.

మా వంటింటి బల్ల మీద ఆదివారం జరిగే తంతు ఇదీ. చిటికెన వేలంత లావున్న రెల్లు గొట్టాన్ని నిలువునా మూడు చీలికలు చేయాలి. ఒక చీలికను లోపలివైపు నుంచి తొలుస్తూ, మధ్యలో 0.6 మిల్లీమీటరు మందం వచ్చేదాకా పల్చన చేయాలి. నీళ్ళలో నానబెట్టి, మధ్యకు మడిచి, అచ్చులో బిగించి అంచులు కోయాలి. కార్కు తొడిగిన చిన్న లోహపు గొట్టం, నిలువు 47 మిల్లీమీటర్లు, దాని మీద ఈ మడతను పెట్టి దారంతో బిగించి చుట్టాలి. గాలి ఒక్క బొట్టు కూడా పక్కలనుంచి పోకూడదు. అప్పుడు మడత కొసను కత్తిరిస్తే రెండు పెదవులు విడతాయి. ఇంతా చేస్తే ఇది ఇంకా రీడ్ కాదు, ఊదినా పలకదు. అక్కణ్ణుంచి గీకుడు. కొసన ఉల్లిపొరలా ఉండాలి, వెనక వెన్నెముక మిగలాలి, రెండు వైపులా సమంగా రావాలి. ఐరోపావాళ్ళు కొస దగ్గరే కొంచెం గీకి వదిలేస్తారు. అమెరికన్లు కిందిదాకా పొడుగ్గా గీకుతారు. ఈ రెండు పద్ధతులవాళ్ళూ ఒకరి రీడ్ మీద ఒకరు వాయించలేక నవ్వుకుంటారట.

పరీక్ష చివర్లో. రీడ్‌ను ఓబోకి తగిలించకుండా ఒట్టిగా నోట్లో పెట్టుకుని ఊదాలి. అప్పుడొచ్చే అరుపును అమెరికన్లు నిజంగానే కాకి అరుపు అంటారు. ఆ అరుపులో 'సీ' స్వరం రెండు స్థాయిల్లో ఒకేసారి వినిపిస్తే రీడ్ బాగా కుదిరినట్టు. ఈ దేశంలో కాకి కోసం ఎంతసేపు ఎదురుచూడాలో తెలిసిన మామగారు, మొదటిసారి ఆ కూత విని, "తద్దినం రోజు ఈ పిల్లని డెక్ మీద కూర్చోబెడితే సరిపోతుంది" అన్నారు.

ఇంత చేసినా వాతావరణం ముందు నిలవదు. జనవరిలో హీటర్ గాలికి రీడ్ నోరు మూసుకుంటుంది. జులై ఉక్కకి తెరుచుకుని గార్దభం అవుతుంది. సోమవారం బ్రహ్మాండంగా పలికింది గురువారం మూగపోతుంది. కత్తితో ఇంకో చిక్కు. మంగలి కత్తంత పదును ఉండాలి గనక దాన్ని బడికి తీసుకెళ్ళడం కుదరదు, విమానంలో చేతిసంచిలో పెట్టడమూ కుదరదు. ఒకసారి మరిచిపోయి పెట్టాను. తనిఖీ దగ్గర కత్తిని వదిలేసి వచ్చాం. అమ్మాయి ఆ ప్రయాణమంతా నాతో మాట్లాడలేదు.

నాదస్వర విద్వాంసులకీ ఈ తిప్పలున్నాయి. దాని రీడ్‌ను తమిళ దేశంలో సీవాళి అంటారు. నాదస్వరాన్ని దగ్గర్నుంచి చూస్తే పైభాగాన దారాలకు రెండు మూడు సీవాళీలు, వాటిని సరిచేసుకోవడానికి ఒక దంతపు సూది వేలాడుతుంటాయి. అవి అలంకారమని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. అవి స్పేర్ పార్టులు!

పుట్టగొడుగుకీ ఓబోకీ ఏమిటి సంబంధం?

మార్సెల్ తబుతో, 1887లో పుట్టిన ఫ్రెంచివాడు. 1915 నుంచి 1954 దాకా ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో మొదటి ఓబో. కర్టిస్ సంగీత విద్యాలయంలో గురువు. అమెరికన్ ఓబో బాణీ అనేది ఉందంటే అది చాలావరకు ఆయన పెట్టిన భిక్షే. అమెరికా పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఒక తరం పాటు మొదటి ఓబో కుర్చీలు ఆయన శిష్యులవే: న్యూయార్క్‌లో హెరాల్డ్ గోంబర్గ్, బోస్టన్‌లో హెరాల్డ్ తమ్ముడు రాల్ఫ్, క్లీవ్‌లాండ్‌లో జాన్ మాక్. తబుతో శిష్యురాలు లైలా స్టార్చ్ 2008లో గురువు మీద రాసిన పుస్తకం పేరులోనే ఒక తిట్టుంది: పుట్టగొడుగు పొట్టు తీయడం చేతకాకపోతే ఓబో ఎలా వాయిస్తావని దాని అర్థం. వంటింట్లో వేళ్ళు ఎలా కదులుతాయో చూసి రీడ్ సంగతి చెప్పే గురువన్నమాట. ఆ తిట్టు మాత్రం మన సంగీతం మాస్టార్ల నోట విన్నట్టే ఉంటుంది. కర్టిస్ నుంచి ఓబోలో పట్టా పుచ్చుకున్న మొదటి మహిళ లైలా స్టార్చ్.

గురుపరంపర మాట రాగానే మామగారు చిలకలూరిపేట ఎత్తుకున్నారు. ఎత్తుకోవాలి మరి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీ మీద మనసుపడి నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర శిష్యరికం చేసి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. 1999లో కన్నుమూశారు. చినమౌలానా శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, సుభానీ భార్య కాలేషాబీ. ఆడవాళ్ళు అరుదుగా పట్టే వాద్యాన్ని ఆమె భర్త పక్కన కూర్చుని కచేరీల్లో మోగించింది. 2020 పద్మశ్రీ జాబితాలో ఇద్దరి పేర్లూ జంటగా ఉన్నాయి. భద్రాచలం రామాలయంలో నాదస్వరం వాయించిన గోసవీడు షేక్ హసన్‌కి 2022లో, ఆయన పోయాక, పద్మశ్రీ ఇచ్చారు. రాముడికి మేలుకొలుపు పాడింది ఎవరో ఊళ్ళో ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకునేవాళ్ళు కాదనీ, అదొక వింతగా తమకెప్పుడూ అనిపించలేదనీ మామగారు అన్నారు.

ఓబో పెట్టెలో సిగరెట్ కాగితాలు ఎందుకు?

మా ఆవిడ అమ్మాయి సంచి సర్దుతూ ఒక రోజు కెవ్వున అరిచింది. చేతిలో సిగరెట్లు చుట్టుకునే పల్చటి కాగితాల ప్యాకెట్టు. పన్నెండేళ్ళ పిల్ల! మామగారు, "మన వంశంలో చుట్టలే గానీ ఇవి లేవే" అన్నారు. పావుగంట విచారణ తర్వాత తేలింది: ఊపిరిలోని తేమ చుక్కలుగా మారి ఓబో మీటల కింద చేరి, బుడబుడమని పాట చెడుతుంది. మీట కింద ఆ కాగితం పెట్టి మెల్లగా నొక్కితే చుక్కను పీల్చేస్తుంది. ఓబోవాళ్ళందరి దగ్గరా ఉంటుందట. జిగురు లేని రకం కావాలి, అదొక్కటే నియమం. గొట్టం లోపలి తడి తుడవడానికి పాతకాలంవాళ్ళు టర్కీ కోడి ఈక వాడతారు, కొత్తవాళ్ళు పట్టుగుడ్డ లాగుతారు.

నీళ్ళలో మునిగే కర్ర గురించి విన్నారా?

మంచి ఓబో చేసేది ఆఫ్రికా నల్లచేవతో. ఎక్కువగా టాంజానియా, మొజాంబిక్ నుంచి వస్తుంది. నీళ్ళలో వేస్తే తేలదు. ఆ చెట్టు మన ఇరుగుడుకి సొంత చుట్టం, రెండూ డాల్బెర్జియా అనే ఒకే ప్రజాతి. ఫర్నిచర్ కోసం ఈ చెట్లను విచ్చలవిడిగా నరుకుతున్నారని 2017 జనవరిలో ఆ ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వ్యాపార ఆంక్షల కిందికి తెచ్చారు. ఓబోలు, క్లారినెట్లు కూడా అనుమతి కాగితాలు లేకుండా ఎగుమతి కాలేక ఇరుక్కున్నాయి. తయారైన వాద్యాలకు 2019లో సడలింపు వచ్చింది. ఎర్రచందనం వార్తలు రోజూ చదివే మనకి ఈ కథ వివరించనక్కర్లేదు.

నాదస్వరానికి వాడే ఆచా కర్ర, మన నారయేపి, ఇదే లక్షణం గలది: గట్టిది, బరువైనది, పాతబడ్డకొద్దీ మంచిది. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దూలాలు కొని దాస్తారు. కొత్త ఓబోని మాత్రం పసిబిడ్డలా సాకాలి. మొదటి వారాల్లో రోజుకి పది పదిహేను నిమిషాలకు మించి వాయించకూడదు. చలిలోంచి తెచ్చి వెంటనే ఊదితే లోపల వేడి, బయట చల్లదనం, కర్ర నిలువునా పగులుతుంది. ఆష్‌బర్న్ చలికాలంలో కారు దిగి బడిలోకి వెళ్ళేప్పుడు మా పిల్ల ఓబోని కోటు లోపల పెట్టుకుని వెళ్తుంది. తన చేతులకి మాత్రం గ్లౌజులుండవు.

ఓబో వాయిస్తే ఊపిరి చాలదా, ఎక్కువవుతుందా?

ఎక్కువవుతుంది! రెండు రెల్లు పెదవుల మధ్య సందు చాలా చిన్నది. దాన్లోంచి గాలి పోయేది కొంచెమే. పాట అయిపోయేసరికి ఊపిరితిత్తుల్లో వాడేసిన గాలి నిండా మిగిలి ఉంటుంది. అందుకే ఓబోవాళ్ళు ముందు ఆ పాత గాలిని వదిలి, తర్వాత కొత్తది పీలుస్తారు. కొందరు బుగ్గల్లో గాలి దాచుకుని ముక్కుతో పీలుస్తూ ఆగకుండా ఊదుతారు. 1939లో పుట్టిన స్విట్జర్లండ్ మేధావి హైన్‌త్స్ హోలిగర్ ఈ విద్యలో దిట్ట. ఇంగ్లండ్‌లో లియోన్ గూసెన్స్ కథ ఇంకోటి. 1962లో కారు ప్రమాదంలో ఆయన పళ్ళు, పెదవులు దెబ్బతిన్నాయి. ఓబోవాడికి అంతకంటే ఏం కావాలి, కెరీర్ ముగిసినట్టే. ఆయన పెదవుల పట్టు కొత్తగా నేర్చుకుని మళ్ళీ స్టేజీ ఎక్కాడు.

ఒక సిపాయి అడిగిన ప్రశ్నకు ఒక కన్సర్టో పుట్టిందని తెలుసా?

1945. యుద్ధం ముగిసింది. జర్మనీలో గార్మిష్ అనే కొండ ఊళ్ళో ముసలి రిచర్డ్ స్ట్రౌస్ ఇంటికి అమెరికన్ సైనికులు వస్తూ పోతూ ఉన్నారు. వాళ్ళలో ఒకడు జాన్ డి లాన్సీ, తబుతో శిష్యుడు, ఓబో మనిషి. మీ సంగీతంలో ఓబోకి ఇంత చక్కటి పాటలున్నాయి కదా, ఓబో కన్సర్టో ఒకటి రాసే ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని అడిగాడు. స్ట్రౌస్ లేదన్నాడు. అంతే, ఒక్క ముక్కే. డి లాన్సీ నొచ్చుకుని ఇంటికి పోయాడు. ఆ ఏడాదే ముసలాయన ఓబో కన్సర్టో రాసేశాడు! 1946 ఫిబ్రవరిలో జ్యూరిక్‌లో దాన్ని మొదటిసారి వాయించింది మార్సెల్ సయే.

అసలు పితలాటకం తర్వాత. అమెరికాలో మొదటిసారి వాయించే అవకాశం డి లాన్సీకి ఇవ్వాలని స్ట్రౌస్ కోరిక. కానీ అప్పటికి డి లాన్సీ ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో వెనక కుర్చీలో ఉన్నాడు. ముందు కుర్చీలో గురువు తబుతో! గురువు కూర్చునుండగా శిష్యుడు లేచి సోలో వాయిస్తాడా? చివరికి 1948లో న్యూయార్క్‌లో మిచ్ మిల్లర్ వాయించాడు. ఈ మిల్లర్ మామూలువాడు కాదు. చార్లీ పార్కర్ ఫిడేళ్ళతో చేసిన జాజ్ రికార్డులో ఓబో అతనిదే, తర్వాత టీవీలో జనం చేత పాటలు పాడించి ఇంటింటా తెలిసినవాడయ్యాడు. ఇక డి లాన్సీ కొడుకు, పేరు కూడా జాన్ డి లాన్సీయే, స్టార్ ట్రెక్ సీరియల్లో 'క్యూ' పాత్ర వేసినవాడు. ఆష్‌బర్న్ సాఫ్ట్‌వేర్ పార్టీల్లో ఓబో గురించి ఎవరూ వినరు గానీ, ఈ చివరి వాక్యం చెబితే మాత్రం నలుగురు తల తిప్పుతారు.

శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటలో ఓబో ఎక్కడుంటుంది?

ఉండదు. హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్ మైదానంలో కవాతు చేస్తుంటే ఓబో పిల్లలు తాళాలో, ఇంకో వాద్యమో పట్టుకుంటారు. నడుస్తూ ఊదితే రీడ్ పళ్ళకి తగిలి చస్తుంది, చలికి కర్ర పగులుతుంది. ఊరేగింపులకే పుట్టిన షామ్ మనవరాలు ఊరేగింపుకి పనికిరాకుండా పోయింది! నాదస్వరం మాత్రం ఇప్పటికీ స్వామి పల్లకీ ముందు నడుస్తూనే ఉంది. పిల్లలకి మంచి ఓబో వినిపించాలంటే ఆష్‌బర్న్‌వాళ్ళకి దారి దగ్గరే. 2022 నవంబర్ 15 నుంచి మెట్రో సిల్వర్ లైన్ మన ఊరిదాకా వచ్చింది. వాషింగ్టన్‌లో మెరైన్ బ్యాండ్, 1798లో పుట్టింది, అమెరికా అధ్యక్షుడి సొంత మేళం లాంటిది. కచేరీలు చాలావరకు ఉచితం. ఉచితం అనగానే మనవాళ్ళు ఎందుకు కదలరో నాకు అర్థం కాదు.

కొన్ని చిల్లర సంగతులు

ప్రొకోఫియెవ్ 1936లో పిల్లల కోసం రాసిన 'పీటర్ అండ్ ది ఉల్ఫ్' కథలో బాతు గొంతు ఓబోది. తోడేలు బాతును మింగాక కూడా దాని కడుపులోంచి ఓబో వినిపిస్తుంది. సన్నాయి మాట్లాడగలదని 'ముత్యాల ముగ్గు'లో రావు గోపాలరావు వెంట తిరిగే భజంత్రీలను చూసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. సన్నాయి నొక్కులు అనే మాట ఊరికే పుట్టిందా!

బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి భాగం ఉరుములూ మెరుపులూగా పోతుంటే, మధ్యలో అంతా ఆగి ఓబో ఒక్కటే రెండు ముక్కలు పాడి మూలుగుతుంది. ఈసారి విన్నప్పుడు పట్టుకోండి.

మోజార్ట్ 1777లో రాసిన ఓబో కన్సర్టో చాలాకాలం కనబడకుండా పోయింది. ఫ్లూట్ కోసం తనే మార్చి రాసింది మాత్రం మిగిలింది. ఓబో ప్రతి 1920లో సాల్జ్‌బర్గ్‌లో దొరికింది.

ఇంగ్లిష్ హార్న్ అని ఓబోకి ఒక అక్క ఉంది. అది ఇంగ్లండుదీ కాదు, హార్నూ కాదు, లావుపాటి ఓబో. 1893లో న్యూయార్క్‌లో మొదటిసారి మోగిన ద్వొర్షాక్ 'న్యూ వరల్డ్' సింఫనీ రెండో భాగంలో ఇల్లు గుర్తొచ్చి కళ్ళు తడిపించే పాట దానిదే. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది అది వినకండి.

ఓబో పక్కన తబలా కూడా మోగింది. 1970లో మొదలైన ఆరెగాన్ అనే బృందంలో పాల్ మెకాండ్‌లెస్ ఓబో, రవిశంకర్ దగ్గర సితార్, అల్లా రఖా దగ్గర తబలా నేర్చుకున్న కాలిన్ వాల్కాట్ వాద్యాలు. అంతకు ముందే, 1961లో, యూసఫ్ లతీఫ్ జాజ్‌లో ఓబోతో బ్లూస్ పలికించాడు. ఆ రికార్డు పెట్టినప్పుడు మామగారు పేపరు పక్కన పెట్టి, "ఇతనికి పడిశం లేదు" అన్నారు.

మీ ఇంటి కీబోర్డులో ఓబో, సన్నాయి ఇద్దరూ ఉన్నారని తెలుసా?

ఇళ్ళల్లో ఉండే ఎలక్ట్రానిక్ కీబోర్డులు చాలావరకు 1991లో స్థిరపడిన జనరల్ మిడీ జాబితా ప్రకారం నడుస్తాయి. 69వ నంబరు ఓబో. 70 ఇంగ్లిష్ హార్న్. 112 షెహనాయి. ఇక్కడి మన పెళ్ళిళ్ళలో సన్నాయి మేళం దొరక్క ఎవరో కుర్రాడు 112 నొక్కి మంగళవాద్యం కానిచ్చేస్తున్నాడు. మొన్నొక పెళ్ళిలో అతను పొరపాటున 111 నొక్కాడు. అది ఫిడేలు. తాళి కట్టే వేళ గట్టిమేళం అనగానే ఐర్లండ్ ఫిడేలు మోగింది. పురోహితుడు గారు తల కూడా ఎత్తలేదు.

ఆష్‌బర్న్ ఏ శ్రుతిలో ఉందో తెలుసా?

ఈ ఊళ్ళో ఉండేవాళ్ళకి డేటా సెంటర్ల హోరు కొత్త కాదు. ఫ్యాన్లు, చల్లబరిచే యంత్రాలు రాత్రీ పగలూ ఊదుతూనే ఉంటాయి. ఊరంతటికీ కలిపి ఒక పెద్ద ఒత్తు. మా అమ్మాయి ఒక సాయంత్రం ట్యూనర్ పట్టుకుని మా వీధి మూలనున్న ఆకుపచ్చ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె దగ్గర కూర్చుంది, పక్కన స్వెట్టర్ వేసుకుని తాతగారు. అమెరికా కరెంటు సెకనుకి 60 సార్లు వెళ్ళి తిరిగొస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపు వేగంతో, అంటే 120 కంపనాలతో, గుంయ్‌మంటుంది. ముల్లు అటూ ఇటూ ఊగి బీ ఫ్లాట్‌కీ బీకీ నట్టనడుమ ఆగింది.

"ఇది ఏ స్వరమూ కాదు తాతయ్యా. ఓబోలో పలకదు."

"మన ఊళ్ళో?"

మన దేశంలో కరెంటు 50. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ గొంతు 100. అమ్మాయి లెక్క వేసి చెప్పింది: "మీ ఊళ్ళో అయితే జీ. కొంచెం పైన."

"కరెంటున్నప్పుడు," అన్నారాయన.